వెంట్రుక వైడూర్యం

నేను చెప్పబొయ్యే దాంట్లో ఒక్క అక్షరం అబద్ధముంటే, నా నోట్లో మిగిలిన మూడు పండ్లూ ఈ వక్కాకుతో పాటు ఊడి కింద పడనీ. పడినాయా? లేదు గదా. అయితే ఇంక నోరు మూసుకోని విను నందినీ. మధ్యలో "నిజంగానా అవ్వా?" అన్నావంటే లేచి లోపలికి పొయ్యి తలుపేసుకుంటా.

మా ఎదురిల్లు పంకజాక్షిది. శ్రీకాళహస్తి గుడి వీధిలోంచి ఏటి పక్కకు తిరిగే సందులో, మా వాకిట్లో నుంచి ఉమ్మితే ఆమె వాకిట్లో పడేంత దగ్గర. అప్పుడింకా మా సందుకంతా ఎస్టీడీ బూతు ఫోనే గతి. తెల్లారితే ఆ ఇంట్లో పని ఒకటే మాదిరి. వాకిలి చిమ్మడం, నీళ్లు చల్లడం, ముగ్గు, కాఫీ. ఆ తర్వాత వీధి గదిలో పీట వేసుకోని కూర్చుంటే ఇంక పిసకడమే పని. పిసికేది గోధుమపిండి అయితే నాకేం బాధలేదు. పాలిమర్ మట్టి అంట! మట్టి అని పేరేగానీ అది మట్టీ కాదు, మన్నూ కాదు, ప్లాస్టిక్కు. మద్రాసు నుంచి సబ్బుబిళ్లల మాదిరి పొట్లాలు కట్టి వస్తుంది. చేత్తో పట్టుకుంటే ఎవురో నమిలి ఊసిన చూయింగ్ గమ్మును పట్టుకున్నట్టుంటుంది. థూ! నేను ఒక్కసారి ముట్టుకున్న పాపానికి నెల దినాలు ఆ చేత్తో అన్నం తినలేదు. నా కోడలే ముద్దలు పెట్టింది, కావాలంటే అడుగు.

ఆ జిడ్డుతో పంకజాక్షి ఉత్తుత్తి రాళ్లు చేసేది. రాహుకేతు పూజకు వచ్చే జనం ఊరికే పోరు గదా. గోమేధికమనీ, వైడూర్యమనీ అంగళ్ల ముందర నిలబడి గుటకలు మింగుతారు. కొనలేని ఆడపిల్లోళ్లంతా పంకజాక్షి దగ్గరికి వస్తారు. ఆమె మాత్రం ఎవుర్నీ మోసం చెయ్యలేదు. "ఇది రాయి కాదమ్మా, ప్లాస్టిక్ మట్టి. గ్రహాలకు పనికిరాదు, మెడకు పనికొస్తుంది" అని మొదలే చెప్పి అమ్మేది.

మెడకైనా పనికొచ్చిందా అంటే, ఆమె చేసిన ప్రయోగాలు నాకు గదా తెలుసు! మరకతమని ఎండబెట్టిన కరేపాకు నలిపి కలిపింది. ఆ దండ వేసుకున్న పిల్లను మేక వెంట తగులుకోని బస్టాండు దాకా తరిమింది. గోమేధికానికి తేనెరంగు రావాలని గడ్డ ఇంగువ చిదిపి వేసింది. చూసేదానికి అచ్చం గోమేధికమే. కానీ ఆ పూసలు వేసుకున్న కాలేజీ పిల్లకు చెమట పట్టిందో లేదో, క్లాసు క్లాసంతా రసం వాసన! మధ్యాన్నం గంట కొట్టకముందే పిలకాయలంతా అన్నం క్యారియర్లు విప్పినారంట.

పూసల్ని కాల్చేదానికి పక్కింటి రెబెకా ఓవెను. రెబెకా ఆసుపత్రిలో నర్సు. ఏటా క్రిస్మస్‌కు కేకు చెయ్యాలని ఆ గుండ్రటి డబ్బా కొనుక్కుంది. పంకజాక్షి దాంట్లో పూసలు కాలిస్తే సందంతా కాలిన చెప్పుల కంపు. కాకులు కూడా ముక్కులు రెక్కల కింద పెట్టుకోని ఎగిరేవి. ఆ ఏడు రెబెకా పంపించిన కేకు నోట్లో పెట్టుకుంటే ప్లాస్టిక్ బకెట్టు కొరికినట్టుండింది. ఆ రుచి ఇప్పటికీ నా కొండనాలిక మీద ఉండాది.

అన్నీ కుదిరినాయి గానీ వైడూర్యం కుదరలేదు. ఆ రాయిలో పిల్లికంట్లో మాదిరి సన్నగా ఒక గీత మెరవాల. జరీపోగు పెడితే నల్లబడింది. అరటినార పెడితే మాడింది. అప్పుడు ఆ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? మన ఆడోళ్లు దువ్వుకున్న చిక్కు వెంట్రుకలు పారెయ్యరు గదా, ఉండలు చుట్టి గోడసందులో దోపి, వెంట్రుకలోడు వచ్చినప్పుడు స్టీలుగిన్నెకు మారుస్తారు గదా. ఆ ఉండ! దాంట్లో నుంచి నాలుగు పోగులు లాగి, మట్టిలో వరసగా పెట్టి, ఉండచేసి, సూదితో బెజ్జం పొడిచి కాల్చింది. ఉప్పుకాగితంతో నీళ్లలో రుద్ది, పాత జీన్సు గుడ్డతో తోమింది. నిజం చెప్పాల గదా, మెరిసింది. పిల్లి కన్నార్పకుండా చూసినట్టే ఉండింది. కానీ అన్నంలో వెంట్రుక వస్తేనే కంచం తోసేసే దాన్ని నేను, మెడలో వెంట్రుకల దండ చూసి ఎట్లుంటా? మూడుసార్లు పెరట్లోకి పొయ్యి వచ్చినా.

కొన్ని దినాలకు ఆ పూసలకు వెంట్రుకలు పెరిగినాయి.

పెరగవా మరి? వెంట్రుక అన్నాక పెరుగుతుంది. కొనుక్కున్న వాళ్లు వచ్చి, "అక్కా, జానెడు అయింది, కత్తిరించు" అని తల వంచేవాళ్లు. ఆమె కత్తెర తీసి కత్తిరించి పంపించేది. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒకామె అయితే పూసలకు జడలు వేసి రిబ్బన్లు కట్టుకోని వచ్చింది. "ఏం నూనె పూస్తావు మే?" అని మా సందులో ఆడోళ్లు అడిగినారు. కళ్లు పైకెత్తి ముక్కు మూసుకున్నది నేనొక్కదాన్నే.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. ఎవురి వెంట్రుక పెడితే ఆ తలకు జరిగిందే పూసకు జరుగుతుంది. మా అన్న కొడుకు వెంకటముని తన వెంట్రుకలతో పెండ్లానికి పూస చేయించినాడు. వాడు కొండకు పొయ్యి గుండు చేయించుకున్న పొద్దే ఈడ పెండ్లాం మెడలో పూస నున్నగా అయింది. పదిదినాలకు వాడి నెత్తిమీద పిలకలు మొలిస్తే దాని మీదా మొలిచినాయి. రెబెకా అత్త ఆనందమ్మ వేలూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రెబెకా మెడలో ముసలామె వెంట్రుకల పూస ఉండింది. ఒక పొద్దు రెబెకా సంగటి కెలకతా ఉంటే ఆ వెంట్రుకలు కుదుళ్లతో సహా రాలి గిన్నెలో పడినాయి. రెబెకా గరిటె కింద పెట్టి, స్టవ్వు ఆర్పి, తెల్లచీర కట్టుకునింది. ఆ తర్వాతే బూతుకు ఫోనొచ్చింది. గిన్నెలో సంగటి ఏం చేసినారో నేను అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పంకజాక్షికి మొగుడుండాడు. ఉండాడా లేడా అనేదే అప్పటి తగువు. పేరు దామోదరం. ఏడేండ్ల ముందు మద్రాసు రైలెక్కి, "పని చూసుకోని జాబు రాస్తా" అని పోయినోడు, జాబూ లేదు, జవాబూ లేదు. వాడి నెత్తిన రెండు సుడులు. పెండ్లినాడు తలంబ్రాలు పోసేటప్పుడు నేను చూసి, "ఏమప్పా, రెండు పెండ్లిళ్ల సుడులోడిని తెచ్చినారే" అని అరిస్తే, పెండ్లోళ్లంతా నన్ను మింగేటట్టు చూసినారు. నేను అప్పుడే చెప్పినా. ఎవురు విన్నారు?

వాడి తమ్ముడు కుప్పుస్వామి. గుడి దగ్గర గాజుల అంగడి. మనిషి పైకి తెల్లచొక్కా, అత్తరు. నోరు తెరిస్తే నెయ్యి కారుతుంది. ఆ నెయ్యి కంపు కొడుతుంది. పంకజాక్షి కూర్చునే వీధి గది మీద వాడి కన్ను. అంగడి సామాన్లు పెట్టుకునేదానికి కావాలంట. ఒకదినం మెట్టెక్కి కూర్చున్నాడు.

"వదినా, ఏడేండ్లయింది. అన్న లేడనే అనుకోవాల. వచ్చే అమాసకు ఏట్లో దర్భబొమ్మ చేసి కాల్చి, జరగాల్సిన కర్మ జరిపించేస్తాం. ఆయన ఆత్మ అల్లాడిపోతా ఉంటుంది గదా."

"నీకెవురు చెప్పినారు అల్లాడుతా ఉండాదని?"

"కల్లో వస్తా ఉండాడు వదినా. నీళ్లు నీళ్లంటాడు."

"నీ కల్లోకి వచ్చి నీళ్లడిగేటోడు, నా కల్లోకి వచ్చి అన్నం అడగడా?" అనింది పంకజాక్షి పూస రుద్దుతానే.

"ఎగతాళి చెయ్యొద్దు. పదోదినం అయినంక నిన్ను సత్యవేడులో మీ అన్న దగ్గర దించేసి వస్తా. వయసులో ఉండావు, ఒంటరిగా ఈడ ఉంటే నలుగురూ నాలుగు మాట్లంటారు."

ఆ నలుగురిలో ఒకడు వాడే. మిగతా ముగ్గురూ వాడి పెండ్లాం.

వాడు పోయినంక నేను ఎదురింటికి పోయినా. పంకజాక్షి చేతిలో పూస అట్లనే ఉండాది, రుద్దడం మాత్రం ఆగిపోయింది.

"అవ్వా, బొట్టు తీసేస్తే బాధలేదు. బొట్టు తీసినంక నా చేతి పూస ఎవురు కొంటారు? పూజకొచ్చినోళ్లు ముండమోసినదాని చేత్తో దారమైనా తీసుకుంటారా? నా పని పోతుంది అవ్వా."

అదీ సంగతి. ఆ జిడ్డుమట్టే ఆమెకు కూడు, ఆమెకు మొగుడు, ఆమెకు అన్నీ. నాకు వాంతి వచ్చేదే ఆమెకు ప్రాణం.

"వాడి వెంట్రుక ఏదన్నా ఉండాదా మే?" అని అడిగినా.

ఆమె లేచి అద్దం వెనకాల నుంచి ఒక దువ్వెన తీసింది. అమ్మా నా తల్లీ! ఏడేండ్ల మురికి. పండ్ల సందుల్లో బూడిదరంగు పిండి మాదిరి పేరుకోని, దాంట్లో నాలుగైదు వెంట్రుకలు.

"ఇన్నాళ్లూ యాల చెయ్యలేదు?"

"పెరగకపోతే ఎట్ల అని భయం."

"పెరిగితే?"

"అదీ భయమే అవ్వా."

ఆ సాయంత్రమే పూస చేసింది. దాన్ని మెడలో వేసుకోలేదు. ఒక టెంకాయ చిప్పలో పెట్టి కిటికీలో పెట్టింది. నేను దినానికి వందసార్లు పొయ్యి చూసినా. మొదట ఏం లేదు. తర్వాత, పూసమీద గడ్డం చేసుకోని మూడునాళ్లయిన చెంప మాదిరి నల్లగా లేచింది. వారానికి అంగుళం. పక్కనుంచి చూస్తే చక్కగా రెండు సుడులు తిరిగి ఉండాది.

బతికే ఉండాడు. పంకజాక్షి ఏడ్చిందా నవ్విందా అని అడగొద్దు. లోపలికి పొయ్యి కాఫీ పెట్టింది. చక్కెర వెయ్యడం మరిచిపోయింది.

అదే సంతోషమని కుప్పుస్వామికి చెప్పేసి ఉంటే కత ఈడనే అయిపొయ్యేది. కానీ శనివారం పొద్దున నేను చిప్పలో చూస్తే పూస నిండా నురగ. వాసన చూస్తే శీకాయ. ముందు దినం రాత్రి నుంచి నువ్వులనూనె కారతా ఉండిందంట, కిటికీ కట్ట మీద మరక. మా ఆయన కూడా శనివారమే తలంటుకునేవాడులే, మగోళ్లకు అదే గదా ఆనవాయితీ. కానీ దామోదరానికి నూనె అంటే పడదు. పెండ్లయిన కొత్తలో పంకజాక్షి నూనెగిన్నె పట్టుకోని వీధంతా తరిమేది, వాడు గోడలు దూకి పారిపొయ్యేవాడు. సందంతా చూసి నవ్వేవాళ్లు.

ఆమె ఆ నురగలో వేలుపెట్టి చూసింది. "నాలుగుసార్లు రుద్దితేగానీ ఇంత నురగ రాదు" అనింది. "తనంతట తాను రుద్దుకునేటోడు కాదు అవ్వా. కూర్చోబెట్టి ఎవురో రుద్దినారు."

జన్మలో మొదటిసారి రోత మరిచి, కిటికీ కట్ట మీది నూనె మరకను నా కొంగుతోనే తుడిచినా. దానికి ఈ సందే సాక్షి.

ఆ తర్వాతి శనివారమూ అంతే. ఆ పైన ఒకనాడు నేను కండ్లద్దాలు పెట్టుకోని, పూసను వెలుగుకు పెట్టి చూస్తే, సుడి దగ్గర ఏదో మెదిలింది. పేను! చీమంత కాదు, చిన్న బొద్దింకంత. నా అద్దాల వైపే తలెత్తి చూసింది. దాని వెనక సంసారం, ఈపులు, ఆస్తిపాస్తులు. నేను చిప్ప కింద పడేసి వీధి చివర దాకా పరిగెత్తినా, ఈ మోకాళ్లతో!

వెనక్కి వచ్చేసరికి పంకజాక్షి గడప మీద కూర్చోని ఉండాది.

"మొగోళ్లకు పేన్లు ఎట్ల వస్తాయి అవ్వా?"

"ఎట్ల వస్తాయి? బడికి పొయ్యే బిడ్డ తెస్తుంది. నాయన పక్కన పండుకోని, తలకు తల ఆనించి..."

అని ఆగిపోయినా. ఆగినా ఏం లాభం, మాట బయటికి వచ్చేసింది. ఆమె తల ఊపింది. మట్టి పిసికి పిసికి మెరుగెక్కిన తన అరచేతుల్ని చాలాసేపు చూసుకునింది.

"ఆడపిల్లయి ఉంటుంది" అనింది. "మగపిల్లోడికి జుట్టు కత్తిరించేస్తారు గదా."

అమాస వచ్చింది. ఏరు ఎండి ఇసకే ఇసక. ఆ ఇసకలో కుప్పుస్వామి తాటాకు పందిరి వేయించినాడు. అయ్యవారు దర్భలు కట్టి మనిషి బొమ్మ చేసినాడు. దానికి కండ్లు లేవు, ముక్కు లేదు, దామోదరం కంటే బాగుండాది. గాజులు పగలగొట్టే ముసలోళ్లు వరసగా కూర్చుని వక్కాకు నములుతా ఉండారు. వాళ్ల మొహాల్లో పెండ్లికి వచ్చిన కళ! ఛీ, ఆ కళ చూసి నాకు పేను కంటే ఎక్కువ రోత పుట్టింది.

పంకజాక్షి పసుపు చీర కట్టుకోని, తలనిండా పూలు పెట్టుకోని వచ్చింది. నేరుగా అయ్యవారి దగ్గరికి పొయ్యి టెంకాయ చిప్ప ముందర పెట్టింది.

అయ్యవారు వంగి చూసి, కాటుక కాయ మాదిరి నల్లగా ఉండే ఆ పూసను పుల్లతో తిప్పినాడు. "రెండు సుడులు. దామోదరమే. పెరుగుతా ఉండాది గదమ్మా."

"పెరుగుతా ఉండాది సామీ."

"అయితే కుప్పుస్వామీ, నేను నిప్పు పెట్టను. బతికుండేటోడికి కర్మ చేస్తే నా కొంపకు చుట్టుకుంటుంది."

కుప్పుస్వామి నెయ్యి గడ్డకట్టింది. "పెరిగితే ఏమి సామీ? ఏడేండ్లు ఇంటికి రానోడు ఉన్నా లేనట్టే గదా?"

"నువ్వు కూడా ఏడేండ్లుగా గుడికి రాలేదు. నిన్నూ కాల్చమంటావా?" అన్నాడు అయ్యవారు, దర్భలు విప్పుకుంటా.

గాజుల ముసలోళ్లలో ఒకామె, "పోనీలే తల్లీ, నీ పసుపుకుంకాలు గట్టివి. కాసుకోని ఉండు, వస్తాడు" అనింది.

పంకజాక్షి నవ్వింది. "కాసుకోని ఉండేదానికి ఆయన అడవిలో లేడు అత్తా. ప్రతి శనివారం కూర్చోబెట్టి తలంటే మనిషుండాది. పక్కలో పండుకునే బిడ్డుండాది. ఆ బిడ్డ పేన్లు ఇవిగో, ఈ నెత్తిన తిరగతా ఉండాయి." చిప్ప ఎత్తి అందరికీ చూపించింది. ముసలోళ్లు కెవ్వుమని ఇసకలో వెనక్కి జరిగినారు.

అప్పుడు, ఎవురూ అనుకోలేదు, నేను కూడా అనుకోలేదు, ఆమె మెడలో నుంచి తాళి తనే తీసి కొంగున ముడేసుకునింది. గాజులు తియ్యలేదు. పూలు తియ్యలేదు. కుంకుమ తుడవలేదు.

"చచ్చినాడని మీరు తీస్తే ముండమోసినదాన్ని. బతికుండాడని తెలిసి నేనే తీసినా. దీనికి మీ శాస్త్రంలో ఏం పేరుండాది సామీ?"

అయ్యవారు గడ్డం గోక్కున్నాడు, బొమ్మను చూసినాడు, ఏటిని చూసినాడు. "ఏం పేరూ లేదమ్మా."

"పేరు లేకుంటే దోషమూ లేదు గదా."

"లేదనే అనుకోవాల."

ఆమె పూసను తీసి కుప్పుస్వామి తెల్లచొక్కా జేబులో వేసింది. "అబ్బయ్యా, మీ అన్న. ఆయన బతికుండగా ఆయన వాటా గది నీకెట్ల వస్తుంది? గది నా దగ్గరే ఉండనీ. మనిషిని నువ్వు చూసుకో. శనివారం మాత్రం జేబులో నురగొస్తుంది, కంగారు పడొద్దు."

వాడు ఇంటికి పోయినాడో లేదో, పేన్లు జేబులో నుంచి చొక్కాకు, చొక్కా నుంచి నెత్తికి, నెత్తి నుంచి పెండ్లానికి. వాళ్ల గాజుల అంగట్లో గాజులు అమ్ముడు పోలేదు గానీ, గోక్కునే చప్పుడు గుడి గంటను మించిపోయింది. మొగుడూ పెండ్లాం ఇద్దరూ కొండకు పొయ్యి గుండ్లు కొట్టించుకోని వచ్చినారు. పూసను మాత్రం వీధిలోకి విసిరేసినాడు. నేనే పట్టకారుతో ఎత్తి తెచ్చి మా పిట్టగోడ మీద చిప్పలో పెట్టినా. ఎంత రోతయినా, ఊపిరుండేదాన్ని కాలవలో పారెయ్యలేం గదా.

పంకజాక్షి ఆ తాళి బంగారం మార్చి సొంతంగా ఓవెను కొనుక్కునింది. రెబెకా కేకుకు కేకు రుచి తిరిగొచ్చింది, అదీ నాకు నచ్చలేదు, తీపి ఎక్కువ. పేరు లేని ఆడదాని దగ్గర కొంటే దోషముందో లేదో ఎవురికీ తెలియదు, అందుకని అందరూ కొన్నారు. మొగుడు పోయినోళ్లు కూడా ధైర్యంగా వచ్చి రంగు పూసలు మెడలో వేసుకోని పోయినారు. ఆ వీధి గది ఇప్పుడు చూడు, మద్రాసు అంగడి మాదిరి దీపాలు. కంపు మాత్రం అదే. కాకులు ఇప్పటికీ మా సందులోకి రావు.

ఏం, లేస్తా ఉండావు? బస్టాండుకేనా? అయితే ఉండు, ఒక పని చెప్తా. ఆ చిప్ప ఇట్ల తే. చూసినావా? తెల్లబడింది. ఈ మధ్య నాలుగు శనివారాలుగా నురగ రాలేదు. నూనె కారలేదు. వెంట్రుకంతా జడలు కట్టి చిక్కుపడింది. పేన్లు కూడా వెళ్లిపోయినాయి, ఒక్కటీ లేదు. అంటే ఏమి? పక్కన పండుకునే బిడ్డ లేదు, తలంటే మనిషి లేదు. అట్లాంటోడు ఎటు తిరుగుతాడో నాకు తెలియదా?

బస్టాండులో మద్రాసు బస్సు దిగేవాళ్లను ఒక కంట చూడు. చిక్కుపడిన తెల్లజుట్టు, నెత్తిన రెండు సుడులు, ఎవుడన్నా "పంకజాక్షి ఇల్లు యాడ?" అని అడిగితే, "ఆ పేరుతో ఈడ ఎవురూ లేరప్పా" అని చెప్పి, కుప్పుస్వామి ఇంటి దావ చూపించు. చూపించి ఆడ నిలబడొద్దు, వచ్చేసెయ్.

వచ్చేటప్పుడు అరకిలో శీకాయ పొడి తీసుకురా. రేపు శనివారం. మనిషి ఎట్లాంటోడైనా ఈ పూస నన్నేం చేసింది? ముక్కుకు గుడ్డ కట్టుకోని నేనే రుద్దుతా. పో, పో, ఆ పొడి పాతది ఇస్తాడు, వాసన చూసి తీసుకో.